బల్లయొద్ద చోటు: వికలాంగుల కుటుంబముల పక్షమున కూర్చొన్నవారి చరిత్ర

మన అధ్యక్ష ఖండపు చరిత్ర వ్రాయువారు సాధారణముగా గుడులు, బడులు, బాప్తిస్మముల లెక్కలతో మొదలుపెట్టుదురు. అది తప్పు కాదు. 1909లో డోర్నకల్‌కు వచ్చిన వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అధ్యక్షులుగా ప్రతిష్ఠింపబడిన నాటినుండి నూరేండ్లు నిండి దాటినవి. చెప్పుకొనుటకు మనకు లెక్కలు చాలనే ఉన్నవి. అయితే ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు నేను వేరొక లెక్క తీయదలచినాను. కన్ను లేని బిడ్డ, నడువలేని బిడ్డ, వయస్సు వచ్చినను బుద్ధి ఎదగని బిడ్డ ఉన్న ఇంటివారి విషయములో సంఘమును, దేశమును నడచివచ్చిన దారి ఏది? వారికి అన్నము పెట్టినవారు ఎవరు అనుటకంటె, వారిని గూర్చి నిర్ణయము చేయు బల్లయొద్ద ఎవరు కూర్చొన్నారు అనునదే నాకు ముఖ్యముగా తోచినది.

టేకులపల్లి వంటి అడవి అంచు ఊళ్ళలో సేవ చేయు గురువునకు ఈ ప్రశ్న పుస్తకములలో కాదు, గృహదర్శనములలో ఎదురగును. మంచముమీద పడియున్న ఇరువదియేండ్ల కుమారుని చూపి తల్లి అడుగును: "మేం పోయినంక వీడెవరికి అయ్యగారూ?" తాండాలో లంబాడీ తల్లి అడిగినను, గూడెములో కోయ తల్లి అడిగినను, సింగరేణి క్వార్టరులో కార్మికుని భార్య అడిగినను మాట ఒక్కటే. ప్రార్థన చేసి లేచి వచ్చుట సులభము. ఆ ప్రశ్నకు చట్టప్రకారము జవాబు చెప్పగల చోటు మాత్రము కలెక్టరు కార్యాలయములోని ఒక గది. ఆ గదిలోనికి ఇటువంటి తల్లులకు దారి ఎట్లు పడినదో చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము.

అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయము మనకు బాగుగా తెలిసినదే. గ్రీకు మాట్లాడు విధవరాండ్రకు అనుదిన పంపకములో అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టినది. అపొస్తలులు వారికి ఇంకొక రొట్టె పంపించి ఊరకుండలేదు. సంఘమంతటిని పిలిచి ఏడుగురిని ఏర్పరచుకొనుమన్నారు. ఆ పేర్లు చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే! ఎవరికి అన్యాయము జరిగినదో వారి పక్షపువారి చేతికే పంపకపు పని అప్పగింపబడినది. నేటి మాటలలో చెప్పవలెనన్న, సంఘ చరిత్రలోని మొదటి కమిటీ ఫిర్యాదు చేసినవారి మనుష్యులతో నిండిన కమిటీ. తరువాతి కాలపు సంఘము ఈ పాఠమును చాలకాలము ప్రక్కన పెట్టినదని నా అభిప్రాయము.

అట్లనుట మన పెద్దల పరిచర్యను తక్కువ చేయుట కాదు. మన ప్రాంతములో గోదావరి ఒడ్డున దుమ్ముగూడెములో, ఇంజనీరు హేగ్ దొరగారి పూనికతో 1860 దశకములో కోయల మధ్య సువార్త పని మొదలైనది. అజరయ్యగారి తిరునెల్వేలి సీమలోని పాళయంకోటలో 1890 దశకము నాటికే మిషనరీ స్త్రీలు అంధ బాలురకు, చెవిటి మూగ పిల్లలకు బడులు నడుపుచుండిరి. ఆస్క్‌విత్ దొరసానిగారు, స్వైన్సన్ దొరసానిగారు ఆ పనికి పేరుపడినవారు. చూపు లేనివానికి చదువేమిటని ఊరంతయు నవ్వుచున్న కాలములో ఆ పని జరిగినదని మరువరాదు.

మన తెలుగు నేలమీద ఈ విషయములో చెప్పుకొనవలసిన పేరు డిచ్‌పల్లి. వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున డాక్టరు ఇసబెల్ కెర్ గారు, భర్త జార్జి కెర్ గారు 1907లో నిజాము రాజ్యమునకు వచ్చినారు. నిజామాబాదులో వైద్యము చేయుచుండగా కుష్ఠు రోగులను ఇండ్లలోనుండి, ఊళ్ళలోనుండి వెళ్ళగొట్టుట చూచి 1911లో వారి కొరకు చిన్న కేంద్రమును తెరచినారు. రాజా నర్సా గౌడు అను హిందూ దాత ధనమిచ్చి ఆదుకొన్నారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది. అంతవరకు కుష్ఠు ఆశ్రమమనగా చచ్చువరకు ఉండుచోటు. డిచ్‌పల్లిలో హిడ్నోకార్పస్ నూనె సూదిమందుతో చికిత్స చేసి, నయమైనవారిని ఇంటికి పంపవచ్చునను ఆశను నిలిపినారు. ఇసబెల్ కెర్ గారు 1932లో మరణించువరకు ఆ పని విడువలేదు. తరువాత 1940 దశకపు చివరలో వెల్లూరులో పాల్ బ్రాండ్ గారు వంకరపోయిన వ్రేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేయుట చూపినారు. 1980 దశకములో బహుళ ఔషధ చికిత్స వచ్చి వ్యాధి పూర్తిగా నయమగుచున్నది.

ఇంత జరిగినను ఒకటి జరుగలేదు. ఆ కాలపు ఆశ్రమముల నివేదికలు దొరలు వ్రాసినారు, దాతలు చదివినారు. రోగి పేరు నివేదికలో ఉండును గాని రోగి సంతకము నిర్ణయముల క్రింద ఉండదు. సర్కారువారి తీరు ఇంకను కఠినము. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టము, బిచ్చమెత్తుకొను రోగిని వారంటు లేకుండ పట్టి ఆశ్రమములో వేయుటకు పోలీసువారికి అధికారమిచ్చినది. ఆ చట్టమును చేసినప్పుడు రోగులను అడిగినవారు లేరు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ అది పుస్తకములలో నిలిచియుండి 2016లో గాని పూర్తిగా రద్దు కాలేదు. కుష్ఠు వ్యాధి విడాకులకు కారణమనుట 2019లో గాని తొలగింపబడలేదు. నయమైన రోగులే నోరు తెరచి అడిగిన తరువాత ఈ మార్పులకు దారి పడినది. అట్టివారిలో ఈరోడునకు చెందిన పి.కె. గోపాల్ గారు ఒకరు. స్వయముగా ఆ వ్యాధిని అనుభవించి నయమైనవారు. 1994లో పలు దేశముల కుష్ఠు బాధితులు కలిసి పెట్టుకొన్న సంస్థకు స్థాపకులలో వారును ఉన్నారు. మాకు జాలి చాలు, ఇక కుర్చీ కావలెనని అడిగినవారు వీరు.

బుద్ధిమాంద్యము గల పిల్లల విషయములో మాత్రము పిల్లవాడు తానై అడుగలేడు. అక్కడ నోరు తల్లిదండ్రులదే. కనుకనే ఈ చరిత్రలోని పెద్ద మలుపు మిషను కాంపౌండులలో గాక ఇండ్లలో మొదలైనది. మస్తిష్క పక్షవాతముతో పుట్టిన కుమార్తెను ఏ బడియు చేర్చుకొననందున మిథు అలూర్ గారు 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించినారు. అటువంటి బిడ్డకే తల్లియైన పూనమ్ నటరాజన్ గారు 1985లో మద్రాసులో, ఇప్పుడు విద్యాసాగర్ అను పేరుగల సంస్థను మొదలుపెట్టినారు. మన హైదరాబాదులో 1968లోనే ఠాకూర్ హరిప్రసాద్ గారి సంస్థ వెలసినది. 1984లో కేంద్ర ప్రభుత్వము సికింద్రాబాదులో, బోయినపల్లి ప్రక్కన, మానసిక వికలాంగుల జాతీయ సంస్థను పెట్టినది. ఆ ప్రాంతమునకు మనోవికాసనగర్ అను పేరే స్థిరపడినది. దేశములోని తల్లిదండ్రుల సంఘములన్నియు కూడి 1995లో పరివార్ అను సమాఖ్యగా ఏర్పడినవి.

లోకములోని సంఘములును ఈ కాలముననే మేల్కొన్నవి. 1975లో నైరోబీలో కూడిన ప్రపంచ సంఘముల సభ, వికలాంగులు లేనిదే దేవుని కుటుంబము సంపూర్ణము కాదను భావముతో ఒక ప్రకటన చేసినది. 1981ని ఐక్యరాజ్యసమితి వికలాంగుల సంవత్సరముగా ప్రకటించినప్పుడు భాగస్వామ్యము, సమానత్వము అను మాటలు మన దేశపు సభలలోను వినబడినవి. 1998లో హరారేలో కూడిన ప్రపంచ సంఘముల సభ నాటికి వికలాంగులైన క్రైస్తవులే తమ పక్షమున మాటలాడుటకు ఒక బృందముగా ఏర్పడినారు. మన గ్రామ సంఘములకు ఈ వార్తలు చేరినవో లేదో గాని, చేరినచో అవి గాలిపటము, రంగుకాగితముల ఉత్సవముగా చేరియుండునేమో. ఉత్సవములయందు మనకున్న ప్రీతి అట్టిది.

ఇక చట్టములు. 1995 డిసెంబరులో పార్లమెంటు మొదటి వికలాంగుల చట్టమును ఆమోదించినది. అది ఊరకే రాలేదు. జావేద్ ఆబిదీ వంటి వికలాంగులే ఢిల్లీ వీధులలో నిలిచి అడిగినారు. ఏడు విధములైన వైకల్యములను గుర్తించి, ఉద్యోగములలో నూటికి 3 వంతుల రిజర్వేషను ఇచ్చినది. కుష్ఠు నయమైనవారిని కూడ ఆ ఏడింటిలో చేర్చినది. డిచ్‌పల్లిని ఎరిగిన మనకు ఇది గమనింపదగిన సంగతి. 2001 జనాభా లెక్కలలో వైకల్యమును గూర్చి ప్రశ్న చేర్చుటకును పోరాటమే కావలసివచ్చినది. 2011 లెక్కల ప్రకారము దేశములో 2.68 కోట్లమంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22.66 లక్షలమంది వికలాంగులున్నారు.

పైన చెప్పిన తల్లి ప్రశ్నకు సూటియైన జవాబు 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఒకటికి మించిన వైకల్యములు అను నాలుగింటికే ఇది వర్తించును. పదునెనిమిది ఏండ్లు నిండిన పిమ్మట చట్టము దృష్టిలో ఎవడైనను స్వతంత్రుడే, తల్లియైనను అతని తరపున సంతకము పెట్టలేదు. బ్యాంకు ఖాతా, భూమి, ఆసుపత్రి, ఏ పనికైనను చిక్కు వచ్చును. ఆ చిక్కు తీర్చుటకు సంరక్షకుని నియమించు ఏర్పాటు ఈ చట్టములో కలదు.

ఇందులో నాకు నచ్చినది బోర్డు కూర్పు. అధ్యక్షుడు, ముఖ్య కార్యనిర్వహణాధికారి గాక, తల్లిదండ్రుల సంఘములు, వికలాంగుల సంఘములు, స్వచ్ఛంద సంస్థల పక్షమున తొమ్మిదిమంది, కేంద్ర మంత్రిత్వ శాఖల అధికారులు ఎనిమిదిమంది, వాణిజ్య వర్గముల దాతృత్వ సంస్థల పక్షమున ముగ్గురు. తొమ్మిదికి ఎనిమిది! అధికారులకంటె ఒక తల వారిదే ఎక్కువ. యెరూషలేములోని ఆ ఏడుగురు నాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నారు. పూనమ్ నటరాజన్ గారు తరువాతి కాలములో ఈ ట్రస్టునకే అధ్యక్షురాలైనారు. బిడ్డను బడిలో చేర్చుటకు తలుపులు తట్టిన తల్లి ఆ బల్లకు తలమీద కూర్చొన్నది.

మనకు అందుబాటులో ఉన్నది జిల్లాలోని స్థానిక కమిటీ. అందులో ముగ్గురే సభ్యులు: కలెక్టరు, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, వికలాంగుడైన వ్యక్తి ఒకరు. మూడు నెలలకు ఒకసారియైనను, అవసరమైనప్పుడెల్లను కూడవలెను. తల్లిదండ్రులు గాని బంధువు గాని దరఖాస్తు పెట్టవచ్చును. ఈ మనిషికి సంరక్షకుడు నిజముగా అవసరమా, అవసరమైనచో దేనికి, ఎంతవరకు అని కమిటీ విచారించవలెను. నియమింపబడిన సంరక్షకుడు ఆరు నెలలలోగా ఆ వ్యక్తి ఆస్తుల పట్టిక ఇవ్వవలెను. ప్రతి ఆర్థిక సంవత్సరము ముగిసిన మూడు నెలలలోగా లెక్క చూపవలెను. బాధించినను, పట్టించుకొనకున్నను, ఆస్తి కాజేసినను అతనిని తొలగింపవచ్చును.

ఇంత కాగితమెందుకు, స్వంత బంధువులను కూడ నమ్మరా అని కొందరు అడుగుదురు. వారు సమూయేలు రెండవ గ్రంథము తిరిగి చదువవలెను. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు రెండు కాళ్ళు కుంటివాడు, లోదెబారులో పరుల యింట తలదాచుకొన్నవాడు. దావీదు అతనిని పిలిపించి సౌలు భూములన్నియు తిరిగి ఇచ్చి రాజు బల్లయొద్దనే భోజనము చేయుమన్నాడు. ప్రసంగములలో మనము అంతటితో ఆపుదుము. కాని ఆ భూములను దున్నుటకు నియమింపబడిన సీబా ఉన్నాడు గదా! కష్టకాలములో వాడు గాడిదలమీద రొట్టెలు, ద్రాక్షారసము తెచ్చి, యజమానునిమీద కొండెము చెప్పి, భూమి అంతయు తన పేర వ్రాయించుకొన్నాడు. విచారణ లేదు, కుంటివాని మాట విన్నవాడు లేడు. నిజము తెలిసిన తరువాత కూడ దావీదు సగమే తిరిగి ఇప్పించినాడు. దావీదు మంచివాడే. లెక్క అడుగు ఏర్పాటు లేనందున మంచి రాజు చేతిమీదుగానే ఆ అన్యాయము జరిగినది.

మన ఏజెన్సీలో ఈ సంగతికి పదును ఎక్కువ. టేకులపల్లి షెడ్యూల్డు ప్రాంతము. 1/70 అని మనమందరము పిలుచు 1970 నాటి నిబంధన గిరిజనుని భూమిని గిరిజనేతరుని చేతికి పోకుండ కాపాడును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద పోడు భూమికి పట్టా వచ్చినవారును ఉన్నారు. అయితే 1/70 కాపాడునది బయటివాని నుండియే. తండ్రి మరణించిన తరువాత, మాట రాని కుమారుని వంతు రెండెకరములను స్వంత చిన్నాన్న దున్నుకొనుచుండగా ఆ చట్టము ఏమియు చేయలేదు. అక్కడ పనికివచ్చునది ఆరు నెలల ఆస్తి పట్టికయే. కోయవారైనను, లంబాడీలైనను, ఈ విషయమును కులపెద్దలయెదుట తేల్చుకొనుట అలవాటు. పెద్దలు న్యాయముగానే చెప్పవచ్చును. అయినను ప్రతి ఏటా లెక్క అడుగుటకు వారు తిరిగి కూడరు.

2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడువరకు మనకు కలెక్టరు ఖమ్మములో ఉండెడివారు. ఇప్పుడు కొత్తగూడెములో ఉన్నారు. బస్సు ఖర్చు తగ్గినది గాని, గది తలుపు తనంతట తాను తెరచుకొనదు. అక్కడ కూర్చొను స్వచ్ఛంద సభ్యుని పని సంతకము పెట్టుట మాత్రమే అయినచో ఆ కుర్చీ వలన ప్రయోజనము లేదు. నా దృష్టిలో అతని పని కూటమికి ముందే మొదలగును. దరఖాస్తు పెట్టిన ఇంటికి వెళ్ళవలెను. ఇరుగుపొరుగువారిని అడుగవలెను. పించను ఎవరు తీసికొనుచున్నారు, ఆ డబ్బుతో బిడ్డ తినుచున్నదా లేదా చూడవలెను. జాతీయ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా క్రింద సంవత్సరమునకు లక్ష రూపాయల వరకు వైద్యమునకు ఇత్తురని ఆ ఇంటికి తెలుసునా అని అడుగవలెను. ఇవి పెద్ద చదువులు కావలసిన పనులు కావు. మన సంఘ పెద్దలు సమాధి కార్యక్రమములకు, పెండ్లి చర్చలకు వెచ్చించు ఓపికలో కొంత చాలును.

భాష సంగతి కూడ చెప్పవలెను. ఇంట కోయ మాట తప్ప వినని బిడ్డను పట్టణపు ఆసుపత్రిలో తెలుగులో ప్రశ్నలడిగి, జవాబు రాలేదని బుద్ధి కొలుచుట న్యాయమా? లంబాడీ మాట తెలిసినవారు ప్రక్కన ఉన్నారా? బల్లయొద్ద మన ప్రాంతపు మనిషి లేనిచో ఈ ప్రశ్న వేయువాడు ఉండడు. కుష్ఠుతో వ్రేళ్ళు అరిగిపోయినవానికి, కట్టెలు కొట్టి, నాట్లు వేసి చేతులు నున్నబడిన ముసలితల్లికి వేలిముద్ర యంత్రము ఒప్పుకొననప్పుడు పించను ఎట్లు అను ప్రశ్నయు అటువంటిదే.

పించను మాట వచ్చినది గనుక. తెలంగాణలో ఆసరా పథకము క్రింద వికలాంగులకు 2014లో నెలకు 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయినది. ప్రక్క రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000కు పెంచినారు. ఈ అంకెలు ఎవరి దయవలననో పెరిగినవి కావు. 2000 తరువాత వెలుగు పథకము క్రింద ఊరూర వికలాంగుల పొదుపు సంఘములు, మండల సమాఖ్యలు ఏర్పడి, గడప దాటనివారు సమావేశములో నిలిచి మాటలాడుట నేర్చుకొన్నారు. మంద కృష్ణ మాదిగగారి నాయకత్వమున వికలాంగుల హక్కుల పోరాట సమితి వీధికి వచ్చినది. సంఘముగా మనము ఆ ఊరేగింపులలో ఎంతవరకు నడచితిమో ఎవరికి వారు ఆలోచించుకొనవచ్చును. మన పాస్టరేట్ కమిటీ ఎన్నికలకు, ఆస్తుల బోర్డులలో స్థానములకు మనవారు చూపు ఉత్సాహము నాకు తెలియనిది కాదు. ఆ బల్లలయొద్ద కుర్చీకి పోటీ ఎక్కువ. వికలాంగుల కమిటీలో కుర్చీకి పోటీ లేదు, దండలు లేవు, బస్సు ఛార్జీ మన జేబులోనిదే.

అయినను దారులు ఇప్పుడు మునుపటికంటె ఎక్కువగా ఉన్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెను. సగముమంది స్త్రీలు ఉండవలెను. 2012 సవరణతో వికలాంగులైన పిల్లలు ఆ చట్టపు రక్షణలోనికి స్పష్టముగా వచ్చినారు. ఏజెన్సీలో ఒక వికలాంగ బాలుని తల్లి ఆ కమిటీలో ఉన్నచో, బడి మెట్లప్రక్కన వాలుబాట ఎందుకు లేదని అడుగును. ఇతరులకు ఆ మెట్లు కనబడవు.

మన దేశము 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించినది. దానికి అనుగుణముగా వచ్చినది 2016 నాటి చట్టము. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. ఏడు వైకల్యములు ఇరువదియొకటి అయినవి, ఉద్యోగములలో 3 వంతులు 4 అయినవి. ఆ చట్టములో రాష్ట్ర సలహా మండలి ఒకటి కలదు. వికలాంగుల సంస్థల పక్షమున పదిమంది, వీలైనంతవరకు వికలాంగులే, అందులో సభ్యులు కావలెను. ఆ పదిమందిలో కనీసము ఐదుగురు స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు ఒకరు, షెడ్యూల్డు తెగలవారు ఒకరు తప్పక ఉండవలెను. ఇవి గాక జిల్లాల పక్షమున వంతులవారీగా ఐదు స్థానములున్నవి. జిల్లా యంత్రాంగము సిఫార్సు చేయనిదే ఆ ఐదింటికి ఎవరిని నియమింపరాదు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వంతు వచ్చినప్పుడు పేర్లు అడుగుదురు. పోలియో కాలితో ఏండ్లతరబడి మండల సమాఖ్య లెక్కలు వ్రాయుచు, బ్యాంకు మేనేజరుతో వాదించుచు వచ్చిన స్త్రీలు మా చుట్టుప్రక్కల ఊళ్ళలో ఉన్నారు. వారిలో కోయవారును ఉన్నారు, లంబాడీలును ఉన్నారు. ఒకరిద్దరు ఆదివారము మన గుడిలో వెనుక వరుసలో, గుమ్మము దగ్గర కూర్చొందురు. మెట్లు ఎక్కి ముందు వరుసకు రావలెనన్న వారికి కష్టము.